అందరికీ పడిన మాత్ర

"ఈ మధ్య ఇల్లు ఇల్లులా ఉందిరా" అని మా అత్తయ్య మా ఆయనతో అన్నప్పుడు నేను వాళ్లిద్దరి మధ్యే కూర్చుని ఆరిన బట్టలు మడతపెడుతున్నాను. ఆ మాట నా గురించేనని తెలిసింది. తెలిసినా ఏమీ అనిపించలేదు. అప్పటికి ఎనిమిది నెలలుగా రోజుకు రెండు తెల్ల మాత్రలు వేసుకుంటున్నాను. గుండెదడ తగ్గింది. ఊపిరాడకపోవడం తగ్గింది. కోపం, ఏడుపు కూడా తగ్గాయి. చివరికి రోజులే తగ్గిపోయాయి. సోమవారం తర్వాత గురువారం వచ్చేది. మధ్యలోవి ఎక్కడికి పోయాయో తెలిసేది కాదు. ఆ రోజుల్లోనూ వంట చేశాను, అంట్లు తోమాను, ఫ్యాక్టరీ రిజిస్టరులో సంతకం పెట్టాను. ఇల్లు ఇల్లులా ఉండాలంటే అందులో నేను ఉండకూడదన్నమాట.

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఒకరోజు మార్కుల కార్డు నా ముందు పెట్టి, "నిన్న టీచరు చెప్పింది గుర్తుందిగా?" అంది.

"ఏ టీచరు?"

"అదేంటమ్మా! నువ్వే కదా స్కూలుకొచ్చావు. టీచరు నన్ను పొగిడితే నవ్వావు కూడా."

కార్డు కింద ఉన్నది నా సంతకమే. కన్నబిడ్డను ఎవరో పొగిడారు, నేను నవ్వాను. ఆ నవ్వు ఎంత వెతికినా నాలో దొరకలేదు. ఆ వారమే ఆయనను బతిమాలి డాక్టరమ్మ దగ్గరకు వెళ్లాను.

ఆవిడ ఓపికగా చెప్పింది. పాత మాత్ర అరగంటలో పని చేస్తుంది, అందుకే ఒంటికి అలవాటైపోతుంది, మరుపు తెస్తుంది. ఇప్పుడు తను రాసే కొత్త మాత్రకు ఆ అలవాటు ఉండదు, మతిమరుపూ ఉండదు. కానీ అది పని చేయడం మొదలవడానికి నెల పడుతుంది. మొదటి పది రోజులు కడుపులో తిప్పుతుంది, గాభరా పెరిగినా పెరగొచ్చు. అందుకని రెండూ కలిపి వాడుతూ, పాతదాన్ని రెండు వారాలకోసారి పావు చొప్పున తగ్గించుకుంటూ రావాలి. "ఒక్కసారిగా మాత్రం మానకూడదు. ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది" అని ఒక కాగితం మీద వారాలన్నీ గీతలు కొట్టి మరీ రాసిచ్చింది.

ఆ కాగితాన్ని ఆయన నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. ఆయనది మందుల షాపులో కౌంటరు ఉద్యోగం. ఇరవై రెండేళ్లుగా అక్కడే. వీధిలో వాళ్లు "డాక్టరుగారూ" అని సగం వేళాకోళంగా పిలుస్తారు. ఆ సగం ఆయనకు వినిపించదు. చీటీలో రాసిన మందు షాపులో లేకపోతే పక్క అరలోంచి ఇంకొకటి తీసి, "అదే మందు, కంపెనీ వేరంతే" అని ఇవ్వడం వాళ్ల దుకాణంలో రోజూ జరిగేదే. నా మాత్రల డబ్బా ఆదివారం ఆదివారం నింపేదీ ఆయనే. ఆ ఆదివారం తెల్లవి తీసేసి, వాటి గళ్లలో కొత్తవి పేర్చారు.

"ఏవండీ, రెండూ కలిపి వేసుకోమంది కదా ఆవిడ."

"నాకు చెప్తావా? రెండూ నరాల మాత్రలే. ఇది వేస్తే అదెందుకు? వాళ్లు రాస్తూనే ఉంటారు, మనం మింగుతూనే ఉండాలా?"

నేనూ ఊరుకున్నాను. ఎనిమిది నెలలుగా ఊరుకోవడమే నా పని.

మూడో రోజుకు చేతులు వణకడం మొదలైంది. నాది చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో కాజాలు తీసే మెషీను. కాలరు పట్టీని గుర్తుకు సరిగ్గా పెట్టాలి. మెషీను చుట్టూ కుట్టు వేసి, బ్లేడు పైనుంచి పడి మధ్యలో గుడ్డను చీలుస్తుంది. గుర్తు ఒక నూలు పోగు అటూ ఇటూ అయితే ఆ చొక్కా చెత్తలోకే. నాలుగో రోజు నా ముందు చెడిపోయిన కాలర్లు కుప్ప పడ్డాయి. ఫ్యాను చప్పుడు తలలో తిరుగుతోంది. ట్యూబులైటు వెలుగు కంట్లో గుచ్చుతోంది. ఒళ్లంతా చెమట, లోపల చలి.

సూపర్‌వైజరు కుప్పను కాలితో కదిపి చూశాడు. "ఏంటక్కా, పొద్దున్నే ఒక పెగ్గేసి వచ్చావా? మాకూ కాస్త ఉంచొచ్చుగా!"

నలుగురు నవ్వారు. నవ్వనివాళ్లు తల వంచుకుని కుట్టుకున్నారు. నన్ను మెషీను మీద నుంచి లేపి దారాలు కత్తిరించే బల్ల దగ్గరికి పంపాడు. ఆ బల్ల దగ్గర జీతం తక్కువ, కత్తెర మాత్రం ఉంటుంది. నా చేతిలో కత్తెర చూసుకుని నాకే భయమేసింది.

ఇంట్లో నా వణుకు అందరూ చూశారు. అన్నం గిన్నె దించుతుంటే మూత దడదడలాడింది. "నిదానంగా, నిదానంగా" అన్నారు ఆయన, పేపరులోంచి తల ఎత్తకుండా. ఆరో రోజు అత్తయ్య, "అమ్మాయ్, స్నానానికి నీళ్లు చల్లారిపోయాయి, మళ్లీ పెట్టు" అంది. "స్టవ్ అక్కడే ఉంది, మీరే పెట్టుకోండి" అన్నాను. గట్టిగా కూడా అనలేదు. ఆయన పేపరు పక్కన పడేసి నిలబడ్డారు.

"చూశావా అమ్మా, ఈ మందు దీనికి పడలేదు."

అమ్మాయి నా వెనకగా వచ్చి, "పాతవే వేసుకోమ్మా. అప్పుడే బాగుండేదానివి" అని మెల్లగా అంది. అదే నన్ను ఎక్కువ పొడిచింది.

మర్నాడే డాక్టరమ్మ దగ్గర కూర్చున్నాం. ఎలా ఉన్నావని ఆవిడ నన్ను అడిగింది. ఆయన జవాబు చెప్పారు. విన్నాక ఆవిడ ముఖం ఎర్రబడింది. "పాతవి ఒక్కసారిగా మానేయమని ఎవరు చెప్పారు? ఈవిడకు ఫిట్స్ రాలేదంటే మీ అదృష్టం. అది కొత్త మందు తెచ్చిన బాధ కాదు, పాతది లేని బాధ."

ఇరవై రెండేళ్ల కౌంటరు మనిషి కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు. తర్వాత చాలా మర్యాదగా అన్నారు: "అయితే ఆ పాతదే రాసేయండి మేడం. అది మా ఇంట్లో అందరికీ పడింది."

ఆవిడ కలం ఆగింది. నా వైపు చూసింది. ఆయనను బయట కూర్చోమంది.

"నీకేం కావాలమ్మా?"

"గుర్తుండాలి" అన్నాను.

ముందు పాతది మళ్లీ పూర్తిగా మొదలుపెట్టి ఒంటిని కుదుటపడనిమ్మంది. కొత్తదీ వేసుకుంటూనే ఉండమంది. ఆ తర్వాత పావు, పావు. "ఇంట్లో ఎవరైనా కనిపెట్టుకుని ఉండాలి. ఒక్కదానివే చేసుకునే పని కాదిది. ఉన్నారా ఎవరైనా?"

ముగ్గురినీ ఒక్కొక్కరినే తలుచుకున్నాను. ఉన్నారని అబద్ధం చెప్పాను. కొత్త మాత్రలు ఇంకో షాపులో కొనుక్కుంటాను, చీటీ విడిగా రాయమని అడిగాను. ఎందుకని ఆవిడ అడగలేదు. రాసి, వారాల గీతల కాగితం కూడా ఇంకొకటి నా చేతికే ఇచ్చి, రెండు వారాలకోసారి తప్పకుండా వచ్చి కనిపించమని మాత్రం అంది.

ఆయనకు పాత మాత్రల చీటీ ఒక్కటే చూపించాను. డబ్బాలోకి తెల్ల మాత్రలు తిరిగొచ్చాయి. ఇల్లు చల్లబడింది. నేను కొత్తవి చాటుగా వేసుకుంటూ, తెల్లవాటిని కాగితం ప్రకారం పావు, పావు విరిచి కాలువలో వేస్తూ వచ్చాను. పదో వారానికి సోమవారం తర్వాత మంగళవారం వచ్చింది. అలా తిరిగొచ్చిన రోజుల్లో ఏముందని? నేను పక్కనే ఉండగా నా గురించి వాళ్లు మాట్లాడుకునే మాటలున్నాయి. గోడ పక్కన మాట్లాడినట్టు మాట్లాడుకుంటున్నారు. ఎనిమిది నెలలూ ఇలాగే అనుకుని ఉంటారు. స్కూల్లో నవ్విన నవ్వు మాత్రం రాలేదు. అది ఇక రాదని డాక్టరమ్మ చెప్పింది.

నిన్న ఉదయం వంటింట్లో పాలు పెట్టి నిలబడ్డాను. అవతల గదిలో అత్తయ్య గొంతు.

"ఏరా, నీ పెళ్లాం ఈ మధ్య చురుగ్గా చూస్తోంది. మందు సరిగ్గా ఇస్తున్నావా?"

"నేనే నింపుతున్నాను కదమ్మా. కావాలంటే ఇంకో సగం పెంచుతాలే. నా ఎదురుగానే వేసుకోమంటాను."

పాలు అంచుకు వచ్చాయి. నా చెయ్యి స్టవ్ దగ్గరికి వెళ్లింది. వణుకు లేదు, నిలకడగా ఉంది. దాన్ని వెనక్కి తీసుకున్నాను. పాలు పొంగి, స్టవ్ మీదుగా గట్టు మీదికి, గట్టు మీద నుంచి నా పాదాల మీదికి కారాయి. మాడు వాసన అవతలి గదికి వెళ్లింది. ఆయన గుమ్మం దాకా వచ్చి చూసి, నవ్వుకుంటూ వెనక్కి తిరిగారు.

"బాగానే పని చేస్తోందమ్మా. పెంచక్కర్లేదు."

నేను నెమ్మదిగా, చాలా నెమ్మదిగా, కళ్ల ముందే ఉన్న గుడ్డ కోసం వెతకడం మొదలుపెట్టాను.