ఊడ్చిన చోటు

కరకర...

కారు దిగి మొదటి అడుగు వెయ్యగానే వినబడిన చప్పుడు అది. బూటు కింద అప్పడం విరిగినట్టు.

సుమతి కిందికి చూసింది. నల్లటి నేల. నల్లమట్టి కాదు, ఎర్రమట్టి మీద కట్టిన నల్లటి పొర. గిన్నె అడుగున అన్నం మాడి పట్టినట్టు ఆ మైదానమంతా పట్టి ఉంది. దాని మీద మంచు సన్నగా, తెల్లగా పేరుకుని ఉంది.

రెండో అడుగు పడలేదు.

మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగింది విజయశ్రీ. "అటు కాదు సుమతీ, ఇసుక మీద నడు. లేకపోతే రాయి మీద. ఆ నల్లది ప్రాణమున్న నేల. అడుగు పడితే చచ్చిపోతుంది. మళ్ళీ రావాలంటే మన జీవితకాలం చాలదు."

"సారీ అండీ," అంది సుమతి.

"పర్లేదులే," అన్నాడు జగదీష్. "నీకు తెలీదు కదా."

మెత్తగా అన్నాడు. పెళ్ళయిన శ్రావణం నుంచీ ఆమెతో మెత్తగానే మాట్లాడుతున్నాడు. అరువు తెచ్చుకున్న వెండి గ్లాసుని పట్టుకున్నట్టు, ఎక్కడ సొట్ట పడుతుందో అని భయపడుతూ మాట్లాడతాడు.

ఎనభై ఒకటో సంవత్సరం. డిసెంబరు. క్రిస్మస్ సెలవులు. సాల్ట్ లేక్ సిటీ నుంచి పొద్దున్నే బయలుదేరి, యూటా దక్షిణాన ఈ ఎర్రరాళ్ళ లోయకి వచ్చారు ముగ్గురూ. ఎటు చూసినా ఎర్ర గోడలు... ఆకాశం పైన సన్నటి నీలం పీలిక. ఎండ ఈ లోయలోకి చుట్టపు చూపుగా వస్తుంది. వచ్చినంత సేపు పట్టకుండా వెళ్ళిపోతుంది. అది వెళ్ళగానే చలి గోడల్లోంచి దిగి, మడమల దగ్గర మొదలుపెట్టి మోకాళ్ళ దాకా ఎక్కుతుంది.

ప్రతి శీతాకాలం ఇక్కడికి వస్తారట.

వస్తారు అంటే — జగదీష్, విజయశ్రీ, ఇంకా వాళ్ళ యూనివర్సిటీ స్నేహితులు. ఈసారి మిగిలినవాళ్ళు కాలిఫోర్నియా వెళ్ళారు. మిగిలింది వీళ్ళిద్దరూ. వాల్తేరులో ఇద్దరూ ఒకే క్లాసు, రాళ్ళ చదువు. అమెరికాకి వచ్చిందీ ఒకే ఏడు. అతను రాగి గని కంపెనీలో ఉద్యోగంలో చేరాడు. ఆవిడ ఇంకా పీహెచ్‌డీ చేస్తోంది.

"నాకు చలి పడదు, మీరిద్దరూ వెళ్ళి రండి" అని సుమతి అనొచ్చు. అనడానికి ఆమెకేమైనా పిచ్చా? ఊలు కోటు, రెండు శాలువాలు, మంకీ క్యాప్ తగిలించుకుని ముందే వచ్చి కారులో కూర్చుంది.

విజయ చెప్పింది...

ఈ రెండు మాటలు జగదీష్ నోట ఆ రోజంతా వింటూనే ఉంది సుమతి.

నీళ్ళ సీసాని స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టుకుని పడుకోవాలి, బయట పెడితే తెల్లారేసరికి గడ్డ కడుతుంది. విజయ చెప్పింది. తడి మేజోళ్ళతో పడుకోకూడదు. విజయ చెప్పింది. సాయంత్రం గాలి లోయ పైనించి కిందికి వీస్తుంది, టెంట్ గుమ్మం ఇటు పెట్టాలి. విజయ చెప్పింది. చివరికి క్యాంప్ స్టవ్ మీద సుమతి ఉప్మాకి ఎసరు పెడుతుంటే, పక్కన గొంతుక్కూర్చుని చాలా మర్యాదగా అన్నాడు — "నీళ్ళు కొంచెం ఎక్కువ పొయ్యి. ఈ ఎత్తులో తొందరగా ఉడకదు. విజయ చెప్పింది."

ఉప్మా కూడానా! ఉప్మా చెయ్యడం కూడా ఒకరు చెప్పాలా తనకి?

ఒళ్ళు మండింది. ఇందులో దాపరికమేముంది, కుళ్ళుకుంది. ఆ చలిలో ఆమెకి వెచ్చగా ఉన్నది అదొక్కటే.

వాళ్ళిద్దరి మధ్యా ఏమీ లేదు. ఉంటే ఎప్పుడో పెళ్ళి చేసుకునేవారు, అడ్డమెవరు? ఆ సంగతి సుమతికీ తెలుసు. తెలిసినంత మాత్రాన కడుపుమంట ఆగుతుందా? పోనీ విజయశ్రీ చెడ్డదా అంటే, కాదు. కారులో ముందు సీటు సుమతికే ఇచ్చింది. తన చేతి తొడుగులు తీసి ఇచ్చింది. చెడ్డదైతే ఎంత హాయిగా ఉండేదో. నోరారా తిట్టుకుని పడుకునేది.

మంట అక్కడ కాదు. ముడి దగ్గర.

టెంట్లు వేస్తున్నప్పుడు విజయశ్రీ ఒక తాడు కట్టింది. "ఏడ్చినట్టుంది నీ ముడి," అన్నాడు జగదీష్. "వచ్చిన ఏడు నించీ అదే ముడి. గాలొస్తే గోవిందా."

"చేతులు కట్టుకుని నించుని చెప్పకపోతే, వచ్చి నువ్వే కట్టవోయ్," అంది ఆవిడ.

"జరుగు. చదువుకున్నావు గానీ..."

గొణుక్కుంటూనే వెళ్ళి కట్టాడు. ఆవిడ నవ్వింది. అతనూ నవ్వాడు, పళ్ళన్నీ కనబడేలా.

పక్క టెంట్‌కి సుమతి ఒక తాడు కట్టింది. నిజం చెప్పాలంటే అది ముడే కాదు, ఏదో చుట్టి వదిలేసింది. దాన్ని చూసి "బావుంది" అన్నాడు. ఆమె అటు తిరగగానే విప్పి మళ్ళీ కట్టాడు. ఆమె వెనక్కి తిరిగి చూసింది. చూడకపోతే బావుండేది.

తిట్టొచ్చు కదా. ఏడ్చినట్టుంది అనొచ్చు కదా.

ఎర్ర గోడలు నల్లబడ్డాయి. ఎవరి టెంట్‌లో వాళ్ళు నీళ్ళ సీసాలు పక్కలో పెట్టుకుని పడుకున్నారు.

*

తెల్లవారుతుండగా సుమతికి మెలకువ వచ్చింది.

ధనుర్మాసం. నెల పట్టాక వాకిలి బోసిగా ఉండకూడదు అనేది మామ్మ శేషమ్మ. జ్వరం వచ్చినా, వాన వచ్చినా కనీసం నాలుగు గీతలు గీసి లోపలికి వచ్చేది. సాల్ట్ లేక్‌లో సుమతి ఇల్లు రెండో అంతస్తులో. గుమ్మం తెరిస్తే నడవా, నడవా అంతా కార్పెట్. కార్పెట్ మీద ముగ్గేమిటి? నెల పట్టిన దగ్గర్నించీ ఆమె వేళ్ళు ఊరికే ఉన్నాయి.

ఇక్కడ నేల ఉంది. అమెరికా వచ్చాక ఇంత మట్టి ఆమె చూడడం ఇదే మొదలు. గుడారమైనా గుమ్మం గుమ్మమే కదా.

రొట్టెలకని చెప్పి బియ్యప్పిండి డబ్బా సామాన్లలో పెట్టింది. రొట్టెలకి కాదు. ఈ రెండు రోజుల్లో ఒక్క పనైనా ఉండాలి, విజయ చెప్పనిది. అతను లేచి, చూసి, "ఇది సుమతి చేసింది" అనుకునేది.

టెంట్ ఇసుక మీద ఉంది. గుమ్మం దాటగానే నల్ల నేల.

ఆగింది. ఆగలేదని అనడం అబద్ధం. నిన్న విన్న మాట చెవిలోనే ఉంది. కానీ ఆ మాట చెప్పింది ఎవరు? అడుగు వెయ్యొద్దంది గానీ, ఊడవొద్దని ఎవరన్నారు?

అక్కడే ఒక ఎండిన పొద ఉంది. నాలుగు పుల్లలు విరిచి కట్టగా పట్టుకుంది. దవనం వాసన... చేదు కలిసిన దవనం. దాంతో ఊడిస్తే మంచు పోయింది గానీ, నల్లది కదల్లేదు. పలకరాయి ఒకటి తీసుకుని గీకింది. మాడు గీకినట్టే పెచ్చులు పెచ్చులుగా లేచింది. కింద ఎర్రమట్టి, అప్పుడే అలికిన వాకిలిలా. చాప పరిచేంత మేర గీకింది. పెచ్చులన్నీ ఒక పక్కకి ఊడ్చింది. ఒళ్ళంతా చెమట పట్టింది.

చుక్కలు పెట్టింది. వేళ్ళు కొయ్యబారిపోయాయి, అయినా గీత వంకర పోలేదు. మెలిక మీద మెలిక. ఎరుపు మీద తెలుపు. చివరి మెలిక కలిసేసరికి గోడల పై అంచున ఎండ పడింది.

ముందు విజయశ్రీ లేచి వచ్చింది.

నిలబడిపోయింది. ముగ్గుని చూసింది. ఊడ్చిపెట్టిన నల్ల పెచ్చుల్ని చూసింది. సుమతి చేతుల్ని చూసింది. ముగ్గు అంచున కూర్చుని, ఒక పెచ్చు తీసి అరచేతిలో పెట్టుకుంది.

అప్పుడే జగదీష్ టెంట్ జిప్ లాగాడు.

"ఎవరు గీకారిది?"

ఆ గొంతు సుమతి ఎప్పుడూ వినలేదు. ఈలోపల విజయశ్రీ లేచి నిలబడింది.

"నేనే. సుమతిని ముగ్గెయ్యమని అడిగింది నేనే. చూసి చాలా ఏళ్ళయింది, వెయ్యడానికి చోటు లేదని నేనే గీకాను."

"నువ్వా? నీ బుద్ధి గడ్డి తిందా? పోయినేడు పాపం ఎవడో తెలీక అడుగేస్తే వాణ్ణి చంపినంత పని చేశావే! వందేళ్ళ నేల, వందేళ్ళ నేల అని మా బుర్రలు తిన్నావే! ఎందుకా పీహెచ్‌డీ, తగలెయ్యనా? నీకు చెప్పేవాడు లేక..."

"సర్లే, తిట్టింది చాలు. టీ పెట్టు."

"టీ లేదు గీ లేదు. ముందు దీనికి సమాధానం చెప్పు."

అరుస్తున్నాడు. గోడలు ఆ అరుపుని తిరిగి అంటున్నాయి. మొహం ఎర్రబడింది. జుట్టు చెదిరింది. చేతులు తిప్పుతున్నాడు. నోట్లోంచి ఆవిరి వస్తోంది. ఒక్క మాట కూడా ఏరుకుని మాట్లాడడం లేదు. సుమతి పిండి చేతులతో నిలబడి చూసింది. ఇతనా? తనతో కాపురం చేస్తున్నది ఇతనా? ఇంత మనిషి ఇన్నాళ్ళూ ఎక్కడున్నాడు?

తను గీకిన మట్టి. తను ఊడ్చిన నేల. తను వేసిన ముగ్గు.

తిట్లు మాత్రం ఆవిడకి.

ఆవిడ ఏది ఇచ్చినా తీసుకుంది ఇన్నాళ్ళూ. చేతి తొడుగులు ఇస్తే తీసుకుంది. ముందు సీటు ఇస్తే కూర్చుంది. ఇప్పుడు ఆవిడ తనని కాపాడుతోందట. కాపాడి, తనకి రావాల్సిన దాన్ని ఎత్తుకుపోతోంది. ఇంతగా ఎప్పుడూ కుళ్ళుకోలేదు సుమతి. చీర చూసి కుళ్ళుకునేవాళ్ళున్నారు, నగ చూసి కుళ్ళుకునేవాళ్ళున్నారు. తిట్లు చూసి కుళ్ళుకునేవాళ్ళని ఎక్కడైనా విన్నామా?

"నేనే," అంది. "ఆవిడ అబద్ధం చెబుతున్నారు. నేనే గీకానండీ."

జగదీష్ ఇటు తిరిగాడు.

రానీ, అనుకుంది. ఆ మొహంతోనే రానీ.

అతని మొహం సర్దుకుంది. చేతులు కిందికి దిగాయి. గొంతు మెత్తబడింది.

"పర్లేదులే," అన్నాడు. "నీకు తెలీదు కదా."

"తెలుసు. నిన్న చెప్పారుగా."

"కొత్త కదా నువ్వు. ఏం ఫరవాలేదు." కాస్త ఆగి, ముగ్గు వైపు చూసి అన్నాడు — "బావుంది."

నిన్న ముడిని చూసి అన్న మాటే అది.

*

ఇసుకతో గిన్నెలు తోముతుంటే విజయశ్రీ వచ్చి పక్కన కూర్చుంది.

"ఎందుకు చెప్పారు ఆ అబద్ధం?"

"నిన్ను తిడతాడేమోనని."

"తిడితే?"

విజయశ్రీ ఆమె వైపు చూసింది. తర్వాత ఇసుక పిడికిట్లోకి తీసుకుని, వదిలింది.

"నాతో ఒక్కసారైనా అలా మాట్లాడలేదు సుమతీ. నీతో మాట్లాడినట్టు... మెత్తగా."

జాలి పడాల్సింది సుమతి. పడలేదు. ఇంకొకళ్ళెవరైనా అయితే పడేదేమో. తోమిన గిన్నెనే మళ్ళీ తోమింది.

మధ్యాహ్నానికి గాలి లేచింది. ముందు చుక్కలు పోయాయి. తర్వాత మెలికలు. పిండి ఎటు పోయిందో, ఒక్క నలుసు మిగల్లేదు. ఊడ్చిన చోటు మిగిలింది. అంత నలుపు మధ్య చాపంత ఎరుపు. తను పోయాక కూడా అది అలాగే ఉంటుంది. పిల్లలు పుడితే, వాళ్ళు ముసలివాళ్ళయ్యాక కూడా ఉంటుందేమో. ఈ దేశంలో ఆమె వేసిన మొదటి ముగ్గు అదే.

టెంట్లు విప్పారు. సామాన్లు కారుకెక్కించారు. విజయశ్రీ వెనక సీట్లో కూర్చుంది. జగదీష్ కారు పైన తాడు బిగిస్తున్నాడు. సుమతి ఇసుక దారిలో నిలబడి ఉంది.

ఒక పక్క ఇసుక. ఒక పక్క నల్ల నేల... ఎక్కడా చెక్కు చెదరని నేల, సన్నటి మంచు కప్పుకుని.

అతని వైపే చూస్తూ కాలు ఎత్తింది. చూస్తూనే పెట్టింది.

కరకర.

తాడు మీద అతని చెయ్యి ఆగింది. తల ఎత్తాడు. ఈసారి తెలీదు కదా అనడానికి వీల్లేదు. ఇద్దరికీ తెలుసు ఆ సంగతి.

"సుమతీ," అన్నాడు.

మెత్తగా అన్నాడో, గట్టిగా అన్నాడో... ఆ గాలిలో ఆమెకి తెలియలేదు.

రెండో అడుగు వేసింది.

కరకర...