కవిత మధ్యలో ఆమెన్

ఆదివారం సాయంత్రాలు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక లైబ్రరీ మేడమీద కవితలు చదువుతారు. ఎవరైనా వచ్చి చదవొచ్చు. కూతురు కెజియా తానూ చదువుతానన్నప్పటి నుంచి అన్నమ్మకు అన్నం సయించలేదు. అంతా చదువుకున్నోళ్లు. నవ్వారంటే పిల్ల ఇక జన్మలో పెన్ను ముట్టదు. ఆ భయంతోనే ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కి ఆమె కూడా వెంట వచ్చింది.

"నువ్వు జర సప్పుడు జేయక కూసో మమ్మీ, గంతే సాలు," అంది కెజియా.

కూర్చుంది. కెజియా వంతు వచ్చింది. మైకు ముందు నిలబడి కాగితం విప్పింది.

"దవాఖానల మా అమ్మ ఉతికిన దుప్పట్ల మీద
ఎవరెవరో బతికి లేచిండ్రు..."

"ఆమెన్!" అంది అన్నమ్మ గట్టిగా.

ఇరవై ఏళ్ల ప్రార్థన కూటాల అలవాటు అది. మంచి మాట వినపడితే నోరు ఆగదు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. కెజియా తల దించుకుంది. పిల్ల నోరు నేనే మూయిస్తిని గదా ప్రభువా అనుకుంది అన్నమ్మ.

పక్క కుర్చీలో తన వంతు కోసం చూస్తున్న రామమోహనరావు గారనే పెద్దాయన వెనక్కి తిరిగారు. "నవ్వుతారేంటండీ? ముప్ఫై ఏళ్లుగా రాస్తున్నాను, నాకు ఒక్కళ్లూ ఆమెన్ అన్లేదు. ఆ అమ్మాయి అదృష్టం!"

ఈసారి హాలంతా నవ్వింది. అందరితోపాటు కెజియా కూడా నవ్వింది.

"ఇంకా అయిపోలే మమ్మీ, ఆగు," అని మైకులోనే చెప్పి, ఈసారి తలెత్తి మిగతాది అందుకుంది.