చూసినవారి సంతకం

యూనివర్సిటీలో ఎలుకలను పెంచే భవనంలో నా పని. అవి మామూలు ఎలుకలు కావు. పిండంగా ఉన్నప్పుడే జన్యువొకటి మార్చి పుట్టించిన రకం. చిన్నపిల్లలకు కండరాలు కరిగిపోయే జబ్బొకటుంది. మా మూడో గది ఎలుకలకూ అదే జబ్బు. మందును ముందు వాటి మీద పరీక్షిస్తారు.

స్నానం చేసి, గౌనూ టోపీ వేసుకుని, ముక్కుకు మాస్కు కట్టుకుంటే గానీ లోపలికి రానివ్వరు. పొద్దున ఆరింటికి ఒక్కో పెట్టె లాగి చూస్తాను. కొత్తగా పిల్లలు కనిపిస్తే పెట్టె ముందున్న కార్డు మీద తేదీ వేస్తాను. ప్రతి వరస కింద ‘చూసినవారి సంతకం’ అని ఒక గడి ఉంటుంది. అందులో నా పేరు రాస్తాను.

ఆ బుధవారం ఇన్‌చార్జి డాక్టరమ్మ వచ్చి, నా ముందే నలభై ఒకటో పెట్టెలోని పిల్లలకు మొదటి సూది వేసింది. తర్వాత జేబులోంచి కొత్త కార్డు తీసింది. దాని మీద పుట్టిన తేదీ ముందే వేసి ఉంది. నేను వేసిన తేదీకి మూడు రోజుల తర్వాతిది.

“ఇక్కడ సంతకం పెట్టు పెద్దాయనా.”

“పాత కార్డుకేమైందమ్మా?”

“తడిసింది.”

పాత కార్డు పెట్టెకే ఉంది. పొడిగా ఉంది. ఇద్దరం దాన్నే చూశాం.

మందు పుట్టిన పదో రోజున మొదలుపెట్టాలి. ఆమె ఏదో సమావేశానికి వెళ్ళి ఆలస్యంగా వచ్చింది. మళ్ళీ పిల్లలు పుట్టేదాకా ఆగితే నివేదిక గడువు దాటిపోతుంది. నేను పెట్టె మూత తీశాను. ఏడు పిల్లలు. నాలుగింటికి కళ్ళు విచ్చుకున్నాయి.

“పది రోజుల పిల్ల కళ్ళు తెరవదమ్మా. ఇవాళ పదమూడో రోజు.”

“కార్డు చదివేవాళ్ళు కళ్ళు చూస్తారా?”

“నేను చూశాను.”

“మరీ మొండికెయ్యకు. ఒక్క సంతకం.”

“మీరే పెట్టండి.”

“పుట్టినప్పుడు నేను లేను కదా.”

“అందుకే అడుగుతున్నారని తెలుసమ్మా.”

మధ్యాహ్నానికి సంగతి పెట్టెలు కడిగే గదికి చేరింది. మా అల్లుడి పని అక్కడే.

“ఏంటి మామయ్యా, ఎలుక పుట్టినరోజుకి ఇంత పట్టింపా? మా పెళ్ళిరోజే మీకు గుర్తుండదు.”

“దాని కింద నా సంతకం లేదు.”

“పదకొండు నెలల్లో రిటైరవుతున్నారు. ఇప్పుడు పంపించేస్తే అత్తయ్యకేం చెప్తారు?”

“జరిగింది చెప్తాను.”

“మూడో తరగతిలో నేర్చుకున్న సంతకం. దానికింత గీరా?”

“రేపు ఈ మందు ఎవరి పిల్లలకో వేస్తారు. పదో రోజున వేసి చూశాం అంటారు. కాదని చెప్పడానికి అప్పుడు నన్నెవరు పిలుస్తారు?”

అల్లుడు పైపు కట్టేశాడు. “నా చేత నీళ్ళు ఆపించకండి, పని మిగిలిపోతుంది,” అని మళ్ళీ తిప్పాడు.

నన్ను తీసెయ్యాలంటే కారణం రాయాలి. కారణం రాస్తే కార్డు బయటపడుతుంది. గురువారం ఆమె నన్ను ఆఫీసుకు పిలిచి టైపు చేసిన కాగితం ముందు పెట్టింది. ‘నా సొంత ఇష్టంతో ఉద్యోగం మానేస్తున్నాను.’ కూడబలుక్కుని రెండుసార్లు చదివాను. ఆమె పెన్ను మూత తీసి అందించింది.

“ఇది ఎవరి ఇష్టమమ్మా?”

ఆమె కాగితాన్ని నా వైపు ఇంకొంచెం జరిపింది.

“నాదని రాశారు. నాకైతే ఎక్కడా కనిపించలేదు.”

పెన్నుకు మూత పెట్టి బల్ల మీద ఉంచాను.

శుక్రవారం ఆరింటికి తలుపు దగ్గర నా ఐడీ ఆనించాను. తెరుచుకుంది. స్నానం చేశాను. గౌను వేసుకున్నాను. నలభై ఒకటో పెట్టె లాగాను. ఏడింటికీ కళ్ళు విచ్చుకున్నాయి. పాత కార్డు ఉన్నచోటే ఉంది. ఖాళీగా ఉన్న వరసలో రాశాను: మొదటి సూది పదమూడో రోజున.

అది కూడా నా కళ్ళతో చూసిందే. కింద గడిలో నా పేరు పూర్తిగా, పొల్లు పోకుండా రాశాను.