ముందు తలుపు

హోటల్ తాళాలు చేతికొచ్చిన రోజున డోలీనా మెక్‌ఆస్కిల్ తన సొంత హోటల్లోకి వెనక తలుపు గుండా వెళ్లింది. కావాలని కాదు. కాళ్లు వాటంతట అవే ఆమెను పక్క సందులోంచి, బొగ్గుల కొట్టం ముందు నుంచి, వెనక గుమ్మం దాకా తీసుకుపోయాయి. గుమ్మంలో నిలబడ్డాక గానీ తను చేసిన పని తనకు తెలియలేదు. తెలిశాక మాత్రం ఒళ్లు మండిపోయింది. పదిహేడేళ్ల వయసులో ఇదే గుమ్మంలోంచి వచ్చి పక్కలు సర్దింది, దొరల బూట్లు తుడిచింది. ఆ తర్వాత సగం జీవితం ఫెర్రీలో క్యాంటీన్ నడిపింది. అలల మీద ఊగుతూ టీలు పోసి పోసి కూడబెట్టిన దానికి బ్యాంకు అప్పు జోడించి, ఎస్టేటు వాళ్లు అమ్మకానికి పెట్టిన హోటల్ని కొన్నది. కొన్నాక కూడా దొడ్డిదారేనా?

ఉల్లసే దీవిలో పుట్టినవాళ్లెవరూ ఆ హోటల్ ముందు తలుపులోంచి లోపలికి వెళ్లలేదు. అలా వెళ్లకూడదని ఎవరూ బోర్డు పెట్టలేదు, ఎవరూ ఎవర్నీ తరమలేదు. లేళ్ల వేటకొచ్చే స్నేహితుల కోసం దీవికి యజమాని అయిన దొరగారి తాత కట్టించిన ఇల్లది. ఫెర్రీ దిగిన అతిథులకు ముందు తలుపు, తివాచీ, సముద్రం కనబడే భోజనాల గది. ఊరివాళ్లకు వెనక ఒక తలుపు, దాని వెనక చిన్న బారు. అంతే. నోరు తెరిచి చెప్పకుండానే అందరికీ తెలిసిపోయే సంగతులు ఉల్లసేలో బోలెడున్నాయి.

మర్నాడే డోలీనా ఫిన్లేని పిలిపించింది. ఫిన్లే రాతిపని చేస్తాడు, వరసకు తమ్ముడు. బారు వెనక తలుపు పీకేసి గోడ కట్టెయ్యమంది. మరి మేమెటు రావాలక్కా అని అతను అడిగాడు.

“ముందు నుంచి రండి. మనుషులొచ్చినట్టు.”

ఫిన్లే చక్కటి రాయి ఏరి, సందు లేకుండా గోడ కట్టాడు. కట్టిన వాడు మళ్లీ బారుకి రాలేదు. అతనొక్కడే కాదు, ఎవరూ రాలేదు.

డోలీనా ముందు తలుపు తీసే ఉంచింది. పొయ్యిలో పీట్ గడ్డలు, బొగ్గులా మండే ఎండు మట్టిపెళ్లలు, వేసి మంట ఆరకుండా చూసుకుంది. ఎవరైనా వచ్చి ఆ తివాచీ తొక్కుతారేమోనని ప్రతి సాయంత్రం ఎదురు చూసింది. ఊళ్లో మగాళ్లంతా కలిసి మర్డో పడవల షెడ్డులో సీసాలు పెట్టుకుని కూర్చుంటున్నారని నాలుగు రోజుల్లోనే తెలిసింది. డోలీనాకి దొరసాని గాలి సోకిందనీ, గమ్‌బూట్లు విప్పి, తల దువ్వుకుని వస్తే గానీ గుక్కెడు విస్కీ పోయదట అనీ అక్కడ ఒకటే ఎకసెక్కాలు. తను చేసింది మర్యాద అనుకుంది. వాళ్లకది అవమానంగా కనబడింది. డోలీనా గోడని మాత్రం అలాగే ఉంచింది.

ఎఫీ పిన్ని ఒక్కతే చూడటానికి వచ్చింది. ఎనభై దాటిన మనిషి, గాలిలో కర్ర పొడుచుకుంటూ వచ్చి, ముందు తలుపు వైపు కన్నెత్తి చూడకుండా చుట్టూ తిరిగి వంటింటి కిటికీ దగ్గర నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు. ఆ కిటికీలోంచే టీ తాగింది, ఆ కిటికీలోంచే తిట్టింది.

“ఆ వెనక తలుపు దొర ఇచ్చినదనుకున్నావా పిల్లా? ఇచ్చింది వాడే. కానీ దాన్ని మాది చేసుకున్నది మేము. అక్కడైతే వాళ్లకి మేం కనపడం. వాళ్ల గురించి ఏదైనా అనుకోవచ్చు. మీ నాన్న దొరగారి నడకని ఎలా అనుకరించేవాడో, మేమెలా నవ్వేవాళ్లమో తెలుసా నీకు? ఊళ్లో మాదంటూ ఉన్నది ఆ ఒక్క తలుపు. అడగనైనా అడక్కుండా మూసిపారేశావు.”

డోలీనా చేతిలోని గిన్నె కింద పెట్టింది. పిన్ని మాటలో న్యాయం లేకపోలేదని ఆమెకు తెలుసు. అందుకే ఇంకా కోపం వచ్చింది.

“నవ్విన నాన్నే ఆ దారినే పోయాడు పిన్నీ. బొగ్గుల కొట్టంలోకి.”

ముసలామె టీ కప్పు కిటికీలో పెట్టి, కర్ర అందుకుని వెళ్లిపోయింది. ఆ సంగతి మీద మాట్లాడటానికి ఉల్లసేలో ఎవరికీ నోరు రాదు. రేవు నుంచి ఉత్తరాన ఊరికి వెళ్లే దారి ఇసుక మీదుగా పోతుంది. ఆటుకి తేలుతుంది, పోటుకి మునుగుతుంది. అవతలి ఒడ్డు పెద్దాసుపత్రిలో పోయినవాళ్లు ఫెర్రీలో తిరిగొచ్చే వేళకి సముద్రం పోటు మీద ఉంటే, తెల్లారి నీళ్లు తగ్గేదాకా శవపేటికని ఎక్కడో ఒకచోట ఉంచాలి. రేవు దగ్గర పైకప్పు ఉన్న చోటు హోటల్ ఒక్కటే. అతిథుల కంట పడకుండా వెనక బొగ్గుల కొట్టంలో దించేవాళ్లు. డోలీనా తండ్రిని కూడా అక్కడే దించారు. ఆయన బొగ్గుల మధ్య ఉన్నంతసేపూ ఆమె పై అంతస్తుకి వేడినీళ్ల కూజాలు మోస్తూనే ఉంది, ఎందుకంటే సెలవు అడగాలని కూడా ఆమెకి తోచలేదు.

అక్టోబరులో ఫెన్విక్‌గారి బృందం వేటకి దిగింది. ఏటా వస్తారు, హోటల్ మొత్తం తీసుకుంటారు. పర్యాటకులు వెళ్లిపోయాక, ఊరివాళ్లు బారు మొహం చూడనప్పుడు, చలికాలం గడవడానికి డోలీనాకి వాళ్లే ఆధారం. ఫెన్విక్ మంచి మనిషే. చేతికి ఎముక లేనట్టు బక్షీసులిస్తాడు. ఆమె పక్కలు సర్దే రోజుల్లో ఆమె తెచ్చిన నీళ్లతో గడ్డం గీసుకున్నాడు, పేరుతో పిలుస్తాడు. ఆమె హోటల్ కొన్నదని తెలిసి నిజంగానే సంతోషించి, ఏదీ మార్చవద్దని మాత్రం గట్టిగా కోరాడు.

వాళ్లు దిగిన మూడో రోజు ఫిన్లే తండ్రి యూయన్ అవతలి ఒడ్డు ఆసుపత్రిలో పోయాడు. గాలికి ఫెర్రీ ఆలస్యమైంది. రేవుకి చేరేసరికి చీకటి పడుతోంది, ఇసుక దారి మీద నీళ్లు తెల్లగా పరుచుకున్నాయి. పోటు రాకముందే రేవుకి వచ్చి కాచుకున్న ఊరివాళ్లలో మగాళ్లు వానలో తడుస్తూ పేటికని భుజాలకెత్తుకున్నారు, ఆడవాళ్లు వెనక నడిచారు. డోలీనా మేడమీది కిటికీలోంచి చూస్తోంది. వాళ్లు హోటల్ దాకా వచ్చారు. వచ్చి, ఒక్క మాట అనుకోకుండా, తలలు వంచుకుని పక్క సందులోకి తిరిగారు.

బొగ్గుల కొట్టానికే. ఇప్పుడది డోలీనా కొట్టం. అయినా ఒక్కడూ వచ్చి అడగలేదు. అడగడం ఉల్లసే అలవాటు కాదు. అడిగితే ఎదుటివాడు కాదనలేడు, కాదనలేని చోట అడగడం పరువు తక్కువ. దొరల కాలంలో ఎలా జరిగిందో అలాగే జరిపించుకుని పోదామనుకున్నారు.

డోలీనా మెట్లు దిగి వచ్చింది. ముందు తలుపుకి రెండు రెక్కలు. ఒకటి ఎప్పుడూ గడియ వేసే ఉంటుంది. తుప్పుపట్టిన ఆ గడియని రొట్టెల కర్రతో కొట్టి ఊడదీసి, రెండు రెక్కలూ బార్లా తెరిచింది. వానలోకి వెళ్లి సందు మొదట్లో నిలబడింది.

“ఫిన్లే, నాన్నని ఇటు తీసుకురా.”

పేటిక ఆగింది. ముందున్న ఫిన్లే మెడ తిప్పలేక అలాగే నేల చూస్తూ జవాబిచ్చాడు.

“బూట్ల నిండా బురద అక్కా.”

“చూశాను.”

“లోపల మీవాళ్లు భోంచేస్తున్నారు.”

“నావాళ్లు ఇక్కడ వానలో నిలబడ్డారు.” ఆమె సందుకి అడ్డంగా జరిగింది. “గోడ కట్టించింది మీ మీద కోపంతో అనుకున్నారా? ఇంకెవరినీ ఆ బొగ్గుల్లోకి పోనివ్వను. నువ్వు కాదు గదా, యూయన్ బాబాయి లేచి వచ్చి అడిగినా పోనివ్వను. కావాలంటే ఇక్కడే వానలో దించండి, నేనూ ఇక్కడే నిలబడతాను.”

ఎవరూ కదల్లేదు. వెనక వరసలో ఎవరిదో భుజం జారి, పేటిక కొద్దిగా ఒరిగింది. ఫిన్లే బరువు సర్దుకున్నాడు. సర్దుకుని, మెల్లగా తిరిగాడు. అతనితోపాటు అందరూ తిరిగారు. మెట్లెక్కారు, తలుపు దాటారు. గమ్‌బూట్ల బురద దొరగారి తాత తివాచీ మీద రెండు చారలుగా పడింది. వాళ్ల వెనక ఆడవాళ్లు, అందరికన్నా వెనక ఎఫీ పిన్ని, కాళ్లు తుడుచుకోకుండా, తల పైకెత్తుకుని వచ్చారు.

అంత వెడల్పు గది ఇంకొకటి లేదు గనక పేటిక భోజనాల గదికే వచ్చింది. వేటగాళ్లు సూపు మధ్యలో చెంచాలు ఆపి లేచి నిలబడ్డారు. డోలీనా చెక్కడపు పని ఉన్న రెండు కుర్చీలు ఎదురెదురుగా లాగి, వాటి మీద పేటికని దింపించింది.

“డోలీనా, ఏమిటిది?” అన్నాడు ఫెన్విక్ మెల్లగా.

“శవం, ఫెన్విక్‌గారూ. మీ భోజనం పైకి పంపిస్తాను.”

“ఇన్నేళ్లుగా వస్తున్నాం. ఇలాంటిది ఇక్కడ ఎప్పుడూ చూడలేదు.”

“మీకు కనబడకుండా చేసేవాళ్లం.”

ఆయన మొహం ఎర్రబడింది. రుమాలు మడిచి బల్ల మీద పెట్టి, తనవాళ్లని తీసుకుని మేడమీదకి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి డోలీనా పెద్ద డేగిసా నిండా గొర్రెమాంసం సూపు కాచింది, బంగాళాదుంపలు ఉడకేసింది. ఊరివాళ్లు తిన్నారు. కానీ ఒక్కరూ కూర్చోలేదు. గది నిండా కుర్చీలుండగా గోడలకి ఆనుకుని, గిన్నెలు చేత్తో పట్టుకుని, నిలబడే తిన్నారు. ఒక పెద్దాయన కీర్తన ఎత్తుకున్నాడు, మిగతావాళ్లు ఒక్కొక్క పంక్తీ అందుకుని సాగదీశారు. ఆ పాట విని డోలీనా వంటింట్లో ఏడ్చింది. దుఃఖం కొంత, కోపం ఎక్కువ. ఇంత చేసినా పరాయివాళ్లలా నిలబడతారేమిటి అని.

తెల్లారేసరికి నీళ్లు తగ్గాయి. కిటికీ తెరలన్నీ మూశారు. మగాళ్లు పేటికని ఎత్తారు, ఎత్తుతూనే దాన్ని మోసిన కుర్చీలను కాలితో తన్ని పడగొట్టారు. అది అక్కడి పద్ధతి. పూడ్చడం అయ్యేదాకా ఆ కుర్చీలు పడే ఉండాలి. అయ్యాక చనిపోయిన వాడి ఇంటి మనిషే వచ్చి లేపాలి. పరాయి చెయ్యి తగలకూడదు.

ఫెన్విక్ పెట్టెలతో సహా కిందికి దిగాడు. చీకటి గదిలోకి తొంగి చూసి, నేలమీద పడున్న కుర్చీని చూసి, అలవాటైన మర్యాదకొద్దీ లేపడానికి వంగాడు.

“ముట్టుకోకండి.”

ఆయన వంగినవాడు వంగినట్టే ఆగాడు.

“అది మీరు ఎత్తాల్సింది కాదు,” అంది డోలీనా. “దానికి మనిషి ఉన్నాడు. వస్తాడు.”

ఆయన నిటారుగా నిలబడ్డాడు. ఈ ఇంటికి ఒక పద్ధతి ఉండేదన్నాడు. ఆ పద్ధతి కోసమే ఇంత దూరం వచ్చేవాళ్లమనీ, వచ్చే ఏడు రాలేమనీ చెప్పాడు. డోలీనా లెక్క వేసుకుంది. వీళ్లు పోతే, ఊరివాళ్లు మర్డో షెడ్డు వదలకపోతే, వేసవి దాకా ఈ తలుపులు తెరిచి ఉండవు. అది తనకెంత బాగా తెలుసో ఆయనకీ అంత బాగా తెలుసు.

“ఫెర్రీ మధ్యాహ్నం ఉంది,” అంది. “టిఫిన్ చేసి వెళ్లండి. మీ ఇంట్లో చేసినంత బాగా చేస్తాను.”

టిఫిన్ చెయ్యకుండానే వెళ్లారు.

మధ్యాహ్నం దాటాక ముందు తలుపు దగ్గర బూట్ల చప్పుడైంది. డోలీనా భోజనాల గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఫిన్లే ముందు, మిగతావాళ్లు వెనక. మోకాళ్ల దాకా శ్మశానం మట్టి. ఫిన్లే నేరుగా గదిలోకి వెళ్లి మొదటి కుర్చీ లేపాడు, రెండోది లేపాడు. తెరలు పక్కకి లాగి తెరిచాడు. ఆపైన నీళ్లు కారుతున్న కోటుతోనే మొదటి కుర్చీలో, దొరల పట్టు గుడ్డ మీద, బరువుగా కూలబడ్డాడు.

“అక్కా, ఆకలేస్తోంది.”

గోడల దగ్గర నిలబడ్డవాళ్లు అతన్నే చూశారు. మర్డో ఒక కుర్చీ లాక్కున్నాడు. ఇంకొకడు లాక్కున్నాడు. గదినిండా కుర్చీలు ఈడ్చిన చప్పుడైంది. డోలీనా వంటింట్లోకి పరిగెత్తబోయింది. వంటింట్లో ఉండిపోయిన ఎఫీ పిన్ని అప్పటికే సూపు గిన్నె ఎత్తుకుని వస్తోంది. ఆమెని దాటుకుని పోబోతుంటే ఫిన్లే పిలిచాడు. పక్కన తను లేపి నిలబెట్టిన రెండో కుర్చీని కాలితో వెనక్కి జరిపాడు.

“కూర్చో.”

“ముందు వడ్డించనీ.”

“మాకు చేతుల్లేవా? కూర్చో అక్కా.”

ఆ గదిలో తను ఒక్కసారి కూడా కూర్చోలేదని డోలీనాకి అప్పుడే తట్టింది. కొన్నాక కూడా వంటింట్లో నిలబడే తిన్నది. ఏప్రన్ విప్పబోయి, ఎందుకు విప్పాలనిపించి, అలాగే కూర్చుంది. మర్డో ఆమె గిన్నె నిండా సూపు పోశాడు.