కాలువ గట్టు మీద ఎర్ర కుర్చీ

ముందు మోకాళ్ళు రెండూ మడిచాడు. తర్వాత భుజం, నడుము, మోకాళ్ళు అన్నీ కలిసి కదిలేటట్టు, మొద్దు దొర్లినట్టు ఎడమ పక్కకి దొర్లాడు. పాదాలు మంచం అంచు దాటి కిందికి దిగుతుండగా అరచేతిని పరుపుకి ఆనించి, నెట్టి, లేచి కూర్చున్నాడు కోదండరామి. అరనిమిషం పట్టింది. పోయినేడు వరకు తను మంచం మీంచి ఎలా లేచేవాడో అతనికి గుర్తు లేదు. లేవడం కూడా ఒక పనేనని అప్పట్లో తెలియదు. ఇప్పుడు తెల్లవారేసరికి, ఎవరో అప్పగించి పోయిన గాజు సామానులాగా ఈ ఒళ్ళు ఎదురవుతుంది. దాన్ని మెల్లగా దించుకోవాలి, నిలబెట్టుకోవాలి.

"నొప్పి?" అంది రామసుబ్బమ్మ పొయ్యి దగ్గర్నించి.

"పాతదే. కొత్తది లేదు."

"నిజమేనా?"

"నిజమే. నీ మీదొట్టు."

"నా మీదెందుకు? నీ మీదేసుకో."

భార్యాభర్తల మధ్య రోజూ మొదట నడిచే మాటలివి. నొప్పి విషయంలో అబద్ధం ఆడకూడదని ఒప్పందం. ఒకప్పుడు ఆడిన అబద్ధానికి ఇద్దరూ తగినంత అనుభవించారు.

కోదండరామి ముప్పయ్యొక్క ఏళ్ళుగా కాలువ లస్కరు. బళ్ళారి దిక్కున హచ్చొళ్ళి వైపు పోయే పిల్లకాలువ మొదట్లో ఒక తూము ఉంది. దాని షట్టరు ఎత్తడం, దించడం, గట్టుకి గండి పడకుండా చూడటం అతని పని. నీళ్ళొస్తే జనం దేవుడి దయ అనేవారు, రాకపోతే లస్కరుని తిట్టేవారు. తిట్టేటప్పుడు తప్ప అతని పేరు ఎవరికీ అవసరం పడలేదు.

పోయినేడు నాలుగు నెలలపాటు నడుము నొప్పిని పట్టు అన్నాడు, గాలి అన్నాడు, ఏమీ లేదన్నాడు. రామసుబ్బమ్మ ఎదురుకాళ్ళతో పుట్టిన మనిషి. అలా పుట్టినవాళ్ళు కాలితో తొక్కితే నడుము పట్టు విడుస్తుందని ఆ ఊళ్ళల్లో నమ్మకం. పొద్దున్నే ఆమె వాకిట్లో ఇద్దరో ముగ్గురో బోర్లా పడుకుని ఉండేవాళ్ళు. మొగుణ్ణీ అలాగే తొక్కింది. ఆషాఢంలో కాలువకి మొదటి నీళ్ళు వచ్చిన రోజున, తుప్పుతో బిగిసిన షట్టరు హ్యాండిలుని అతను ఒంటి బలమంతా పెట్టి తిప్పుతుంటే, నడుములో ఎండు జొన్నదంటు విరిగిన చప్పుడయింది. బళ్ళారిలో తీసిన ఫోటోలో ఒక వెన్నుపూస నలిగి కూర్చుని ఉంది. మూలుగలో పుట్టే కాన్సరు అన్నారు. ఎముకల్ని లోపల్నించి గుల్ల చేస్తుందన్నారు.

ఆ రోజు నించి రామసుబ్బమ్మ ఎవర్నీ తొక్కలేదు. ఎందుకు మానేశావని అతను అడగలేదు.

సూదులు, మాత్రలు, నడుముకి బెల్టు, మంచం. ఐదో నెలలో ఆసుపత్రిలో హారతి అనే అమ్మాయి వచ్చింది. వ్యాయామం చేయించే డాక్టరమ్మ. "పడుకోని ఉంటే ఎముక ఇంకా మెత్తబడతాది అప్పా," అంది. "అట్లని తొందరా వద్దు. ముందుకు వంగొద్దు, నడుము మెలితిప్పొద్దు, బరువెత్తొద్దు, పడొద్దు. చదునైన చోట నడవాల. మొదటి వారం నలభై అడుగులు. కొత్త నొప్పి వచ్చినా, కాళ్ళు తిమ్మిరెక్కినా ఆడికే ఆపి నాకు ఫోన్ చేయాల."

నలభై అడుగులని విని పక్కనున్నవాళ్ళు నవ్వారు. అతను నవ్వలేదు. ఎండి నెర్రెలిచ్చిన కాలువలోకి ఒక్కసారిగా నీళ్ళు వదిలితే గట్టు తెగుతుంది. బెత్తెడు వదలాలి. నల్లమట్టి తాగి, ఉబ్బి, నెర్రెల్ని తనే మూసుకుంటుంది. అప్పుడు ఇంకో బెత్తెడు. ఈ పిల్లకి కాలువ పని తెలుసు, అనుకున్నాడు.

నలభై అడుగులు ఇవాళ్టికి వెయ్యి అయ్యాయి. తూము ఇంటికి పన్నెండువందల అడుగులని కూడా ఈ జబ్బు వచ్చాకే తెలిసింది. ముప్పయ్యొక్క ఏళ్ళు లెక్కపెట్టకుండానే నడిచాడు.

పైతూము లస్కరు నిన్న ఫోన్ చేశాడు, తొమ్మిదింటికల్లా నీళ్ళు చేరతాయని. అనుకున్నదానికంటే వారం ముందు. ఆ వారంలో మిగతా రెండువందలు కలుపుకోవచ్చని అతను లెక్క వేసుకున్నాడు. నీళ్ళు అతని లెక్క చూడలేదు.

రామసుబ్బమ్మ పీట వేసుకుని అతని ముందు కూర్చుని బూట్ల దారాలు కట్టింది. తెల్ల గుడ్డ బూట్లు, బడిపిల్లలవి. జారకుండా ఉంటాయని హారతి కొనిపించింది. అతను వంగకూడదు కనుక దారాల పని ఆమెది.

"తూము కాడికి పోవల్లనుకుంటాండావా?" తలెత్తకుండా అడిగింది.

"చూస్తాం."

"చూస్తామంటే ఏంది?"

"కాళ్ళు ఏమంటాయో చూస్తాం."

వాకిట్లో చెప్పుల చప్పుడయింది. భీమక్క. పోయిన పంట నించి తూము పని ఆమె చేస్తోంది. నడివయసు మనిషి, చేతులు ఇనుప గరిటెల్లా ఉంటాయి. "అణ్ణా, హ్యాండిలు కొడు," అని తన కన్నడంలో ఇమ్మని అడిగింది, గడప బయటే నిలబడి. నడవ గోడకి కొట్టిన మేకు మీద వేలాడుతోంది హ్యాండిలు. పని ఉన్న ప్రతిసారీ వచ్చి అడిగి తీసుకుపోతుంది, పని అవగానే తెచ్చి మేకుకి తగిలిస్తుంది. నీ దగ్గరే ఉంచుకో అని అతను అనలేదు. ఉంచుకుంటానని ఆమె అడగలేదు. ఆ ఇనుము గోడ మీద ఉన్నంతకాలం తను సెలవులో ఉన్న మనిషి మాత్రమేనని అతనికి అనిపించేది. దీన్ని ఎవరికీ చెప్పుకోలేదు, తనకి కూడా సరిగ్గా చెప్పుకోలేదు.

"తీసుకో," అన్నాడు. "నేనూ వస్తాండా."

భీమక్క రామసుబ్బమ్మ వైపు చూసింది. రామసుబ్బమ్మ మూలనున్న ఎర్ర ప్లాస్టిక్ కుర్చీని తిరగేసి తల మీద పెట్టుకుంది.

రోజూ జరిగేది ఇదే. ఆమె కుర్చీతో ముందు పోతుంది. ఆ రోజు లెక్క ఎంతో అంత దూరాన గట్టు మీద వేసి నిలబడుతుంది. అతను చేతికర్రతో నడిచి దాన్ని చేరుకుంటాడు. కూర్చుంటాడు. చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చుంటాడు. తిరిగి వచ్చేటప్పుడు సగం దారిలో మోరీ గోడ ఉంది, కూర్చోవడానికి సరిపడా ఎత్తు. మొదట్లో ఊరంతా నవ్వింది. ఇప్పుడు ఆ ఎర్రచుక్క గట్టు మీద ఎంత దూరం పోయిందో పొలాల్లోంచే చూసి చెప్పుకుంటారు.

ఒక సంగతి అతను బయటపెట్టలేదు. ఆమె కుర్చీని ఎప్పుడూ ముప్పై అడుగులు ముందే వేస్తుంది. ఐదువందలంటే నాలుగువందల డెబ్బై. కావాలనే. అతను లెక్కపెడతాడు, తక్కువయిందని తెలుసుకుంటాడు, కూర్చుంటాడు. ఆ ముప్పై అడుగులు ఆమె భయానివి. వాటిని ఆమె దగ్గర్నించి లాక్కోవడం ఎలాగో అతనికి తెలియలేదు.

గట్టు పొడిగా ఉంది. బండి చక్రాల గాడి పక్కన చదునైన దారి చూసుకుని పాదం మొత్తం ఆనించి నడిచాడు. వెనకనించి మోటారు సైకిలు వచ్చి పక్కన ఆగింది. క్యాంపు రైతు బసవపున్నయ్య. వాళ్ళ నాన్న కాలంలో కోస్తా నించి వచ్చి ఇక్కడ వరి వేసిన కుటుంబం.

"ఏవయ్యా కోదండరామీ, సింహాసనం ముందు పోతంది, రాజు వెనకబడ్డాడే! ఎక్కు, రెండు నిమిషాల్లో తూము కాడ దించుతా."

"నీ బండెక్కి ఈ గుంతల్లో ఎగిరితే, నా ఎముకలు ఏరి సంచిలో వేసి మా ఆడమనిషికి ఇయ్యల్లప్పా నువ్వు."

"సరే, నడువు. నా నారుమడి మాత్రం ఆగదు," అని నవ్వుతూ పోయాడు బసవపున్నయ్య.

తొమ్మిదివందల అరవై ఎనిమిది, అరవై తొమ్మిది, డెబ్బై. కుర్చీ.

కూర్చున్నాడు. రామసుబ్బమ్మ కొంగుతో అతని మెడ తుడిచింది. అతను పదిసార్లు లేచి కూర్చున్నాడు. ఆమె లెక్కపెట్టింది. పదోది అయ్యాక ఊపిరి సర్దుకుని తూము వైపు చూశాడు. షట్టరు కడ్డీ ఎండలో సన్నగా కనిపిస్తోంది. అక్కడ భీమక్క, ఆమె పక్కన బసవపున్నయ్య.

"చాలు. ఈడికి చాలు," అంది రామసుబ్బమ్మ.

"నొప్పి లేదు. తిమ్మిరి లేదు. ఒట్టు అక్కర్లే, నిజం."

ఆమె కుర్చీ వీపు మీద చేయి వేసి నిలబడింది. అతని తల వెనకనించి అంది: "నేను తొక్కినందుకేనా, ఇరిగింది?"

ఏడాదిగా ఇంట్లో మూడో మనిషిలా తిరిగిన మాట. అది ఇంత చిన్న గొంతుతో వస్తుందని అతను అనుకోలేదు. వెనక్కి తిరగాలనిపించింది. నడుము మెలి పడుతుందని గుర్తొచ్చి, చేతికర్ర మీద బరువు వేసి లేచి, చిన్న చిన్న అడుగులతో మొత్తం మనిషిగా తిరిగి ఆమెకి ఎదురుగా నిలబడ్డాడు. అంతసేపు ఆమె ఎదురుచూడవలసి వచ్చింది.

"పెద్ద డాక్టర్ని అడిగినా," అన్నాడు. "అడిగి నాలుగు నెలలాయ."

"ఏమన్యాడు?"

"అంతకు ముందు ఏడాది నించే లోపల గుల్లయితా వచ్చినాదంట. తుమ్మినా ఇరిగేదేనంట. నీ కాలుతో వచ్చింది గాదు. కానీ, ఇంగెవర్నీ తొక్కద్దని చెప్పమన్యాడు. మంచిది గాదంట ఎవరికీ."

"నాలుగు నెలలు కడుపులో పెట్టుకోని ఉండావా?"

"నువ్వు అడుగుతావని చూస్తాంటి."

"నువ్వు చెప్తావని నేను చూస్తాంటి!" అంది. ఆమె ముఖంలో కోపం వచ్చింది. ఏడాదిగా చూడని మంచి ఆరోగ్యమైన కోపం. "యాభై తొమ్మిదేండ్లు వచ్చినాయి, బుద్ధి రాలే." కుర్చీని విసురుగా ఎత్తి నెత్తిన పెట్టుకుంది. "పా. మెల్లగ పా."

తూము దగ్గర కుర్చీ వేసేసరికి నీళ్ళు వచ్చి ఉన్నాయి. పెద్దకాలువలో ఎర్రటి కొత్త నీరు, నురగ, పుల్లలు, ఒక రబ్బరు చెప్పు. ఇటువైపు పిల్లకాలువ అడుగంతా అరచేతి వెడల్పు నెర్రెలు.

భీమక్క హ్యాండిలు తగిలించి తిప్పింది. కదలలేదు. కాలు తన్నిపెట్టి మళ్ళీ తిప్పింది. "తిరుగుతా ఇల్ల అణ్ణా!"

బసవపున్నయ్య చేయి వేశాడు. ఇద్దరూ కలిసి లాగినా ఇనుము మూలిగింది తప్ప తిరగలేదు.

తను ఎప్పుడు నాలుగడుగులు వేశాడో కోదండరామికి తెలియలేదు. చూసుకునేసరికి రెండు చేతులూ హ్యాండిలు మీద ఉన్నాయి. వేళ్ళు తమ చోటు వెతుక్కుని బిగిశాయి. కుడికాలు వెనక్కి జరిగింది, నడుము తిరగడానికి సిద్ధమయింది. ముప్పయ్యొక్క ఏళ్ళు షట్టరు తిప్పిన మనిషి ఒకడు లోపల లేచి నిలబడ్డాడు, వాడికి జబ్బు గురించి ఎవరూ చెప్పలేదు. ఇనుము చల్లగా, తెలిసిన చల్లదనంతో ఉంది.

ఎదురుగా రామసుబ్బమ్మ. కుర్చీని రెండు చేతులా పట్టుకుంది.

అతను ఒక వేలు విప్పాడు. తర్వాత రెండోది. వాణ్ణి ఒప్పించడానికి పది వేళ్ళంత సమయం పట్టింది. చేతులు తీసి ప్యాంటుకి తుడుచుకున్నాడు. అరచేతుల్లో కాయలు ఎప్పుడో కరిగిపోయి చర్మం పసిపిల్లవాడిదిలా ఉంది.

"బలంతో వచ్చేది గాదది," అన్నాడు. తన గొంతు మామూలుగా ఉండటం చూసి తనకే ఆశ్చర్యం వేసింది. "భీమక్కా, ముందు కిందికి తిప్పు. పైకి గాదు, కిందికి. అర చుట్టే. తుప్పు వదలల్ల ముందు. ఆఁ. ఇప్పుడు మర మీద నూనె పొయ్యి. వంద లెక్కపెట్టు. ఇప్పుడు పైకి."

హ్యాండిలు తిరిగింది.

"బంతు! నీరు బంతు!" నీళ్ళొచ్చాయని భీమక్క నవ్వింది. షట్టరు కిందనించి బెత్తెడు నీరు జారి మొదటి నెర్రెలోకి దిగింది. నెర్రె నిండటానికే చాలాసేపు పట్టింది.

"ఇదేం నీళ్ళయ్యా, పిల్లి తాగడానికా?" అన్నాడు బసవపున్నయ్య. "ఇంకో నాలుగు చుట్లు తిప్పించు, నా నారు ఎండుతోంది."

"రేపు రెండు చుట్లు, ఎల్లుండి రెండు. ఈ పొద్దు గట్టు తాగల్ల. గండి పడితే నీ నారే కొట్టుకపోతాది, అప్పుడు నన్నే తిడతావ్."

"ఎట్లాగూ తిడతాలే," అన్నాడు బసవపున్నయ్య, బండి తన్నుతూ. పోతూ పోతూ ఒకసారి వెనక్కి తిరిగి తెల్ల బూట్ల వైపు చూసి తల ఊపాడు.

కోదండరామి కుర్చీలో కూర్చుని నీళ్ళని చూశాడు. మట్టి తాగే చప్పుడు, సన్నగా బుడగలు పగిలే చప్పుడు వింటూ ఉన్నాడు. భీమక్క హ్యాండిలు ఊడదీసి గుడ్డతో తుడిచి, అలవాటుగా అతని ముందుకి చాపింది.

"ఇంగ మా ఇంటికి తేవద్దులే," అన్నాడు. "నీ కాడే పెట్టుకో. మా గోడకు మేకు వదులైపోయినాది."

మేకు వదులు కాలేదని రామసుబ్బమ్మకి తెలుసు. పొద్దునే దానికి తువ్వాలు కూడా తగిలించింది. భీమక్క హ్యాండిలుని రెండు చేతుల్తో దగ్గరికి తీసుకుంది. "ఆయ్తు అణ్ణా," అంది ఒప్పుకుంటూ. దాన్ని భుజాన వేసుకుని ఊరివైపు నడిచింది.

ఎండ ఎక్కుతోంది. అతను లేచాడు. రామసుబ్బమ్మ కుర్చీ ఎత్తుకుంది. కానీ ఇంటివైపు తిరగలేదు. తూము దాటి, దిగువ గట్టు మీదికి నడిచింది. చెప్పుల్లేని ఆ కాళ్ళు వేసే అడుగుల్ని అతను లెక్కపెట్టాడు. పది. ఇరవై. ముప్పై దగ్గర ఆగి, కుర్చీ దించి, నాలుగు కాళ్ళూ సమంగా ఉన్నాయో లేదో అదిమి చూసి వచ్చింది.

"ఆడనే ఉండనీ. రేపు ఎట్లయినా రావల్ల గదా," అంది. "ఎవరెత్తకపోతారు, ఆ రంగు పోయిన కుర్చీని."

ఇద్దరూ మోరీ గోడ వైపు మెల్లగా నడిచారు. వెనక గట్టు మీద ఎర్ర కుర్చీ ఖాళీగా, దిగువకి ముఖం పెట్టుకుని ఉంది. దాని పక్కన కాలువ అడుగున నీళ్ళు ఒక్కొక్క నెర్రెనే నింపుకుంటూ దాని దాకా వచ్చి, దాన్ని దాటాయి.