లాకు తీసిన ఫోన్లు

ప్రేమకుమారి అంగడి తలుపు ఎత్తేసరికే ముగ్గురు వాకిట్లో నిలబడి ఉన్నారు. ముగ్గురి చేతుల్లోనూ ఒకే రకం ఫోను. మూడింటి మీదా ఒకే మాట: ఈ ఫోనులో అనుమతి లేని మార్పులు జరిగినట్లు గుర్తించాము, సేవలు నిలిపివేయడమైనది.

మదనపల్లెలో టమాటా యార్డుకు పోయే దారిలో ఆమె మొబైల్ రిపేరీ అంగడి పెట్టి పదకొండేళ్లయింది. ఈ ఫోన్లు ఒక పెద్ద కంపెనీ తక్కువ ధరకు అమ్మినవి. వాటిలో ఆ కంపెనీ సిమ్ము తప్ప ఇంకొకటి పనిచేయదు, ఆ సిమ్ము వేరే ఫోనులో పనిచేయదు. ఫోనులో వచ్చే నెట్టును ఇంకో మిషనుకు పంచే హాట్‌స్పాట్‌ను కూడా కంపెనీ మూసేసి పెట్టింది. అది కావాలంటే పెద్ద ఫోను కొనాలి, పెద్ద ప్లాను వేసుకోవాలి. ప్రేమకుమారి లోపలి సాఫ్ట్‌వేరు మార్చి ఆ లాకు తీసేది. బిడ్డ లాప్‌టాపులో పాఠాలు వినాలని ఒకరు, అంగట్లో బిల్లు మిషను నడవాలని ఒకరు ఆమెను వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. ఇది తప్పు పని అని ఆమెకు ఎన్నడూ తోచలేదు. కొన్న ఫోను, కొన్న నెట్టు, వాళ్లిష్టం వచ్చినట్టు వాడుకుంటే కంపెనీకేం పోయిందని అనుకునేది.

ముగ్గురినీ అడిగితే సంగతి తెలిసింది. రాత్రి కంపెనీ నుంచి అప్‌డేట్ ఒకటి వచ్చింది. ఇద్దరు నొక్కారు, ఒకరి ఫోను దానంతటదే ఎక్కించుకుంది. అప్‌డేట్ ఎక్కి మళ్లీ వెలిగేసరికి ఫోను మూగబోయింది. కాల్ పోదు, కాల్ రాదు.

ప్రేమకుమారి నంబర్లు రాసుకున్న పుస్తకం తీసింది. లాకు తీసిన ఫోన్లు నలభై ఆరు. ఒక్కొక్కరికీ ఫోను చేసి అప్‌డేట్ నొక్కొద్దని, సెట్టింగులో దాన్ని ఆపేయమని చెప్తూ పోయింది. కొందరు విన్నారు, కొందరు తిట్టారు. పదకొండున్నరకి ఆమె వేలు వెంకటేశులు పేరు మీద ఆగింది. రింగు పోలేదు. ఈ నంబరు ప్రస్తుతం సేవలో లేదని మాత్రం వినిపించింది. మళ్లీ చేసినా అదే మాట.

ఆ పేరు పక్కన రాసున్న ఊరి పేరు చూసింది.

వెంకటేశులుది కుప్పం అవతల బోడిగుట్టపల్లె. అడవి అంచున ఉన్న మెట్టచేన్ల ఊరు. రెండేళ్ల కిందట అతని తమ్ముడు రెడ్డెప్పను పొద్దుగూకే వేళ చేనులో ఏనుగు తొక్కి చంపింది. ఆ తర్వాత కాలేజీ పిల్లలు కొందరు వచ్చి చేను గట్టున ఒక స్తంభం నాటి, దాని మీద కెమెరా, సైరను ఉన్న పెట్టె బిగించిపోయారు. ఏనుగులు కనిపిస్తే పెట్టె గుర్తుపట్టి సైరను మోగిస్తుంది. కానీ దానికి నెట్టు కావాలి. ఆ ఊరికి అందే సిగ్నలు ఈ ఒక్క కంపెనీదే. అందుకే వెంకటేశులు రెండు నెలల కిందట రెండు ఫోన్లు పట్టుకుని మదనపల్లె దాకా వచ్చాడు, ఒకటి పెట్టెలో పెట్టేదానికి, ఒకటి తనకు. రెండింటికీ లాకు తీయమన్నాడు. దీనివల్ల ఇబ్బందేమైనా వస్తాదా అని ఆరోజు రెండుసార్లు అడిగాడు. ఏమీ కాదులే అన్నా అని ఆమె చెప్పి పంపింది.

అతని ఫోను చచ్చిందంటే పెట్టెలోదీ చచ్చినట్టే. పెట్టె మీద పచ్చ లైటు ఒకటుంటుంది. అది సోలారు బ్యాటరీది. ఫోను ఉన్నా పోయినా అది వెలుగుతూనే ఉంటుంది. సైరను వచ్చినప్పటి నుంచి ఊరివాళ్లు భయం వదిలేసి చీకటి పడేదాకా చేన్లలోనే ఉంటున్నారని వెంకటేశులే మొన్నామధ్య ఫోను చేసి సంతోషంగా చెప్పాడు.

ఆమె కుప్పం అటవీ ఆఫీసుకు ఫోను చేసింది. అక్కడి ఉద్యోగి ఓపికగా విన్నాడు. తమిళనాడు వైపు నుంచి ఐదు ఏనుగులు నిన్న ఇటు దాటాయని, తమ మనుషులందరూ పలమనేరు పక్క ఇంకో గుంపు వెనక ఉన్నారని చెప్పాడు. ఆ పక్క అడవి కాసే వాచరుకు కబురు పెడతానన్నాడు, కానీ వాచరు ఫోను కూడా అదే సిగ్నలు మీద ఉంది, దొరికేదీ దొరకనిదీ చెప్పలేనన్నాడు.

ప్రేమకుమారి సామాన్ల సంచి భుజాన వేసుకుని, అంగడికి తాళం వేసి, పుంగనూరు బస్సెక్కింది.

పుంగనూరులో దిగింది ఊరికే కాదు. అక్కడ ఆ కంపెనీ స్టోరులో ఆమె పిన్నమ్మ కొడుకు ప్రకాష్ బాబు పనిచేస్తాడు. స్టోరు నిండా జనం. అందరి చేతుల్లోనూ ఆ ఫోన్లే. ప్రకాష్ బాబు ఆమెను చూడగానే పక్కకు పిలిచి, నీ పని కూడా ఇందులో ఉండాదా అక్కా అని గొంతు తగ్గించి అడిగాడు. ఉందని ఒప్పుకుంది. సంగతంతా చెప్పింది.

అతను కంప్యూటరులో వెంకటేశులు నంబరు కొట్టి చూశాడు. రెండు ఫోన్లూ తెల్లవారుజామున ఆగిపోయినట్టు ఉంది. మళ్లీ రావాలంటే ఫోను యజమాని స్వయంగా ఆధార్ కార్డుతో రావాలి, ఫోనుకు పాత సాఫ్ట్‌వేరే ఎక్కించాలి, ఆ తర్వాత ఒకరోజు పడుతుంది. అంతా అయినా హాట్‌స్పాట్ మాత్రం రాదు. కొత్త కనెక్షన్ ఇస్తే అది మొదలయ్యేది రేపు పొద్దున.

ఆమె సొంత ఫోను వేరే కంపెనీది, ఆ ఊళ్లో దానికి సిగ్నలు ఉండదు. ఆమె అతని జేబు వైపు చూసింది. అతని ఫోను మామూలు పెద్ద ఫోను. కంపెనీ ఉద్యోగులకిచ్చే సిమ్ము. దేనికీ అడ్డు లేని ప్లాను.

"నీ ఫోను ఈ ఒక్క రాత్రికి ఇయ్యి."

అతను జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు. "అది కంపెనీ ఇచ్చిన నంబరక్కా. దాంట్లో ఎవురు ఏం చేసినా నా నెత్తిమీదికే వస్తాది. ఇద్దురు పిల్లోళ్లు ఉండారు నాకు."

"ఆ సైరను మోగదని ఊర్లో ఎవురికీ తెలీదు ప్రకాషూ. నాకు తెలుసు. ఇప్పుడు నీకూ తెలుసు."

అతను తల తిప్పుకుని కౌంటరు దగ్గర అరుస్తున్న ముసలాయనకు జవాబు చెప్పడానికి పోయాడు. ఆమె ఇక లాభం లేదని బస్టాండుకు నడిచింది. చేతిలో ఏమీ లేకపోయినా పోయి నోటితోనైనా చెప్పాలి. పలమనేరు బస్సు కదిలి గేటు దాటుతుండగా ఎవరో బస్సును చేత్తో కొట్టారు. ప్రకాష్ బాబు స్కూటరు మీద పక్కనే వస్తున్నాడు. కిటికీలోంచి ఫోను ఆమె ఒళ్లోకి వేసి, తెరిచే నంబరు రెండుసార్లు చెప్పి, ఆదివారం చర్చికి తెచ్చియ్యి అని ఆగిపోయాడు. అతని మొహంలో నవ్వు లేదు.

పలమనేరు ముందర లారీ ఒకటి రోడ్డుకు అడ్డంగా ఆగి ముప్పావుగంట తినేసింది. ఆమె వెంకటేశులు నంబరుకు చేస్తూనే ఉంది. కుప్పంలో దిగేసరికి ఐదు దాటింది. కార్తీకమాసపు పొద్దు, అప్పుడే వాలిపోతోంది. బోడిగుట్టపల్లె అనగానే ఇద్దరు ఆటోవాళ్లు తల అడ్డంగా ఊపారు. మూడో అతను మలుపు దాకా వస్తానని, అక్కడినుంచి లోపలికి రానని ముందే ఒప్పందం చేసుకుని ఎక్కించుకున్నాడు. మలుపులో ఆమెను దింపి, వెనక్కి తిప్పుకునేటప్పుడు, తొందరగా ఎనక్కొచ్చేయమ్మా అన్నాడు.

అక్కడినుంచి కిలోమీటరు మట్టిదారి. రెండు పక్కలా పండిన రాగిచేన్లు. ఆమె నడక పరుగైంది. సంచిలో స్క్రూడ్రైవర్లు గలగలమంటుంటే చేత్తో అదిమి పట్టుకుంది. సగం దారిలో పచ్చి పేడ వాసన లాంటిది తగిలింది. ఆవుదో కాదో చూడడానికి ఆమె ఆగలేదు.

స్తంభం కనిపించింది. దాని కిందనే వెంకటేశులు, అతని భార్య ప్రమీలమ్మ, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు వంగి రాగికంకులు కోస్తున్నారు. ఆ పై గట్ల మీద, గుట్ట దాకా, ఇంకా పదిమంది దాకా ఉన్నారు. ఎవరూ తొందరపడడం లేదు.

"వెంకటేశులన్నా, ఆ పెట్టె పని చేయడంలేదు. తెల్లారినప్పటి నుంచీ లేదు."

అతను కొడవలి పట్టుకునే పైకి చూశాడు. "లైటు ఎలుగుతాండాది కదమ్మా."

"అది బ్యాటరీ లైటన్నా. లోపల ఫోను ఆగిపోయుండాది. నీ ఫోను ఆగిపోయిందే, అట్లనే."

పొద్దున తన ఫోను ఆగితే, దాని మీది మాట చదవకుండానే రీచార్జి అయిపోయిందనుకున్నాడట. ఆ మాట చెప్తూ చెప్తూనే అతని మొహం మారిపోయింది. ఆమెను ఒక్క మాట కూడా అనలేదు. భార్యను, ఆ ఇద్దరినీ ఊళ్లోకి పొమ్మని చెప్పి, గుట్ట వైపు చేన్లలోకి, తమ్ముడు పోయిన చోటు మీదుగా, అందరినీ కేకేస్తూ పరుగెత్తాడు. గాలి గుట్ట నుంచి ఇటు వీస్తోంది. అతని కేక ఎంతదూరం పోతుందో తెలియదు.

నిచ్చెన స్తంభానికే ఆనించి ఉంది. ప్రేమకుమారి ఎక్కి పెట్టె తెరిచింది. పాత ఫోను మీద పొద్దుటి మాటే ఉంది. పెట్టె తనకు తెలిసిన పేరునే పట్టుకుంటుంది కాబట్టి ప్రకాష్ బాబు ఫోనులో హాట్‌స్పాట్‌కు అదే పేరు, అదే పాస్‌వర్డు పెట్టాలి. పాస్‌వర్డు రెడ్డెప్ప పేరు. ఆరోజు వెంకటేశులు అడిగి మరీ పెట్టించుకున్నాడు. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి చూసింది. పెట్టె కలవలేదు. ఒక అక్షరం తగ్గించి కొట్టింది. కలవలేదు. కళ్లు మూసుకుని, ఆరోజు అతను బల్ల మీద చీటీలో రాసిచ్చిన అక్షరాలను ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకుంది. చివర్లో ఇంకో అక్షరం ఉండేది. అది చేర్చింది.

ఫోను మీద ఒక మిషను కలిసిందని వచ్చింది.

ఆమె ఊపిరి వదిలేలోపే సైరను మోగింది. చెవికి మూరెడు దూరంలో మోగిన ఆ మోతకు చేయి పట్టు తప్పి రెండు మెట్లు జారింది. మొదట ఏదో తప్పు జరిగిందనుకుంది. తర్వాత కెమెరా చూస్తున్న వైపు చూసింది. వందగజాల దూరంలో, వెదురుపొదల పక్కన, చీకటి కన్నా నల్లగా ఏదో కదిలింది. అది ఆగింది. దాని వెనక ఇంకొకటి ఆగింది.

ఎట్లా దిగిందో, ఎట్లా పరుగెత్తిందో ఆమెకు తర్వాత గుర్తులేదు. ఒక చెప్పు గట్టు మీద పోయింది. ఊరి మొదటి మిద్దె మీద నుంచి ప్రమీలమ్మ చేయందిస్తే మెట్లెక్కింది. గుట్ట వైపు నుంచి జనం ఒక్కొక్కరే చేన్లకు అడ్డంపడి వస్తున్నారు. ప్రమీలమ్మ పేర్లు చెప్పుకుంటూ లెక్కపెడుతోంది. అందరూ వచ్చారు, వెంకటేశులు రాలేదు. ప్రమీలమ్మ మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టింది. సైరను ఇంకా మోగుతోంది. కాసేపటికి అతను కాలువ గట్టు మీదుగా, ఎవరి లెక్కలోనూ లేని ఒక చెవిటి ముసలమ్మను వీపున మోసుకుంటూ వచ్చాడు. ఆమెకు కేకా వినపడలేదు, సైరనూ వినపడలేదు.

ఏనుగులు సైరనుకు కొంచెంసేపే జంకాయి. తర్వాత చేనులోకి దిగాయి. స్తంభం విరిగిన చప్పుడు మిద్దె దాకా వినిపించింది. మోత ఠక్కున ఆగిపోయింది. అప్పటికి చేన్లలో మనుషులు లేరు.

తెల్లారి తొక్కిన రాగిచేను మధ్య ప్రకాష్ బాబు ఫోను దొరికింది. అద్దం పొడిపొడి అయింది, సిమ్ము మాత్రం నిలిచింది. చేను దగ్గరే వెంకటేశులు అడిగాడు, ఇంకో ఫోనుకు లాకు తీసిస్తావా అని. ప్రేమకుమారి ఈసారి అంతా చెప్పింది. తీయడం చేతనవుతుందని, కంపెనీ తలుచుకుంటే ఏ రోజైనా మళ్లీ ఆపేస్తుందని, ఆపినట్టు ఊరికి తెలియదని. నీ తమ్ముడు చనిపోయిన చేను దగ్గర తెలిసీ తెలియనట్టు ఉండలేనని కూడా చెప్పింది. అతను విరిగిన స్తంభాన్ని చూసి, అయితే పొద్దుగూకితే ఇద్దరు మనుషుల్ని కావలి పెట్టుకుంటాం, పెట్టె ఉన్నా లేకున్నా అన్నాడు.

ఆ మధ్యాహ్నం ఇద్దరూ కలిసి పుంగనూరు స్టోరుకు పోయారు. కంపెనీకి అర్జీ రాశారు. ఏనుగుల సంగతి, రెడ్డెప్ప సంగతి, తెల్లవారుజామున చెప్పకుండా ఆపేసిన సంగతి అన్నీ అందులో ఉన్నాయి. లాకు తీసింది తానేనని ప్రేమకుమారి కింద తన పేరు, అంగడి అడ్రసు రాసి సంతకం పెట్టింది. ప్రకాష్ బాబు వద్దన్నట్టు చూశాడు. తన ఫోనును ఎక్కడ, ఎందుకు వాడారో అతను కూడా పై అధికారికి తనంతట తానే రాశాడు.

జవాబు రావడానికి పద్దెనిమిది రోజులు పట్టింది. ప్రమాదం ఉన్న ఊరు కాబట్టి పెట్టెకు హాట్‌స్పాట్ ఉన్న కనెక్షన్ ఒకటి ఇస్తామన్నారు. మిగతా నలభైనాలుగు ఫోన్ల గురించి ఒక్క మాటా లేదు. ప్రకాష్ బాబును పలమనేరు స్టోరుకు మార్చారు. ప్రేమకుమారికి లాయరు నోటీసు వచ్చింది. ఇంకెప్పుడూ ఈ పని చేయనని రాసివ్వమని అందులో ఉంది. ఆమె ఇంతవరకూ రాసివ్వలేదు. ఎవరైనా ఆ ఫోను పట్టుకొస్తే మాత్రం ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఆగిపోతే ఏమవుతుందో మొత్తం చెప్తుంది. విని సగంమంది ఫోను జేబులో పెట్టుకుని లేచి వెళ్లిపోతారు. మిగతా సగంమంది కూర్చునే ఉంటారు.