ఏడో పేరా

రబ్బరు అంచు ఉన్న దుప్పటిని మడవడం చూసేవాళ్లకి సులువే. రెండు చేతులూ రెండు మూలల్లో దూర్చి, ఒక మూలని రెండోదాని మీదికి తిరగేసి, మిగతా రెండూ అలాగే కలిపి, ఒక్క దులుపు దులిపితే అంచంతా లోపలికి పోయి అట్ట వేసిన పుస్తకంలా కూర్చోవాలి. ముందుగది సోఫా మీద ఆ విద్యనే తోడికోడలికి నాలుగు రోజులుగా నేర్పుతోంది చిన్నకోడలు. నాలుగో రోజు కూడా పెద్దకోడలి చేతుల్లో అది మూటగానే తేలింది.

"పిల్లిని గోనెసంచిలో కట్టినట్టుంది," అన్నాడు టీవీ ముందున్న బావగారు.

ఆయన తమ్ముడు, అంటే చిన్నకోడలి మొగుడు, నవ్వి పెళ్లాం వైపు తిరిగాడు. "నీకు నేర్పడం రావట్లేదే. నీకు వచ్చింది వదినకి రావాలి కదా. వారం కూడా లేదు పరీక్షకి."

ఈ పరీక్ష కొత్త చట్టంతోపాటు వచ్చింది. బతకడానికొచ్చిన పరాయి దేశాల వాళ్ల గురించి వీళ్లంతా వలస వచ్చిన దేశపు ప్రభుత్వం రూల్సు మార్చింది. వచ్చే నెల ఒకటో తారీకు నుంచి, గోడౌన్లలో బరువులెత్తే తరగతి వాళ్ల పెళ్లాం పిల్లలకి అక్కడ ఉండే అనుమతి పొడిగించరట. మొగుడు ఉండొచ్చు, పెళ్లాం సర్దుకోవాలి. కూలివాడికి రెండు చేతులుంటే చాలు, సంసారం దేనికి అనుకున్నారు కాబోలు. పోతే ఒక దారి వదిలారు. హోటల్ లాండ్రీల్లోనూ వంటిళ్లలోనూ ఐదేళ్లు చేసినట్టు కార్డున్న మనిషి, అధికారి ముందు ఆ పని చేసి చూపించి, పై ఉద్యోగి చేత సంతకం పెట్టించుకుంటే, ఆ మనిషికీ పిల్లలకీ మొగుడి కాగితంతో పనిలేకుండా అనుమతి ఇస్తారు. చట్టం రాసినవాడు బుద్ధిమంతుడే. కాకపోతే మన ఇళ్లలో కార్డొకరిది, కష్టమొకరిదని వాడికెలా తెలుస్తుంది?

ఈ ఇంట్లో అన్నదమ్ములిద్దరూ గోడౌన్ మనుషులే. లాండ్రీ కార్డు పెద్దకోడలిది. ఆరేళ్ల కిందట ఆవిడ పనిలో చేరిన మూడో నెలకే కడుపు నిలిచింది, మంచం దిగొద్దన్నారు డాక్టర్లు. మనిషి రాకపోతే కార్డు పోతుంది. అప్పుడే కాపురానికి వచ్చింది చిన్నకోడలు. మొగుడి వెంట కొత్తగా వచ్చిన ఆడవాళ్లకి పని కార్డులివ్వడం అప్పటికే ఆపేశారు. అన్నదమ్ములు ఓ సాయంత్రం టీ చల్లారేలోపు ఉపాయం తేల్చేశారు. "వాళ్ల కళ్లకి మనదంతా ఒకటే మొహం. వదిన కార్డు మెళ్లో వేసుకుని వెళ్లు, నెల రోజులేగా," అన్నాడు మొగుడు.

ఆ నెల ఇంకా పూర్తి కాలేదు. బిడ్డ పుట్టింది. తర్వాత పెద్దకోడలికి నడుం నొప్పి వచ్చింది. ఆ తర్వాత అందరికీ అలవాటైంది. తెల్లారగట్ల లేచి ఇద్దరి సంసారాలకీ క్యారేజీలు కట్టి, బస్సెక్కి, ఎవరెవరో పడుకుని లేచిన పక్కల గుట్టల ముందు నిలబడేది చిన్నకోడలు. మనుషులు దుప్పట్ల మీద ఏమేం వదిలిపెడతారో ఆమెకి తెలిసినంత ఏ డాక్టరుకీ తెలియదు. నెత్తుటి మరక చన్నీళ్లకే వదులుతుంది, తొందరపడి వేడినీళ్లు పోస్తే ఇక చచ్చేదాకా ఉంటుంది. పూర్తిగా ఆరిన దుప్పటి ఇస్త్రీ రోలర్ కింద ముడత వదలదు, చెమ్మ ఉండగానే తొయ్యాలి, తోసేటప్పుడు మోచేయి పైకెత్తాలి. ఎత్తడం మరిచిపోయిన రోజులు చేతుల మీద గోధుమరంగు గీతలై మిగిలాయి. ఇంటికొచ్చి మళ్లీ పొయ్యి దగ్గరకి పోతే బావగారు హాస్యమాడేవాడు. "పగలంతా ఆ మిషన్ వేడిలో ఉన్నదానివి, నీకు ఈ పొయ్యి ఓ లెక్కా?" ఇవన్నీ ఒక ఎత్తు, అత్తగారి ఫోన్ ఒక ఎత్తు. కార్డు గుట్టు ఆవిడకి చెప్పలేదు, చెబితే వాడంతా చాటుతుందని. అంచేత ఆవిడ లెక్కలో ఉద్యోగం చేస్తున్నది పెద్దకోడలు. "ఇంట్లో ఊరికే కూర్చునేదానివి, వంటన్నా సరిగ్గా చెయ్యమ్మా. పెద్దది పాపం ఉద్యోగం చేసి చేసి నడుం పోగొట్టుకుంది," అనేది. చిన్నకోడలు ఊ కొట్టేది. ఫోన్ స్పీకర్‌లో ఉండేది. విన్నవాళ్లలో ఒక్కరూ గొంతు సవరించుకోలేదు. సొమ్మొకడిది సోకొకడిది అని ఎవరన్నారో గానీ, వాడి ఇంట్లోనూ ఇద్దరు కోడళ్లు ఉండి ఉంటారు.

చట్టం కాగితాలు తెచ్చిన రోజు మొగుడే చదివి చెప్పాడు. ఆ భాష ఆమెకి మాట్లాడటం కొంత వచ్చు, చదవడం రాదు. ఆరు పేరాలు చదివాక గొంతు ఎండిపోయిందని మంచినీళ్లు అడిగాడు. ఆమె తెచ్చేసరికి పేజీ తిరిగింది.

"అంతే. వదినకి అనుమతి వచ్చేస్తే వదినా పిల్లా ఉంటారు. నువ్వు రెండేళ్లు వెళ్లి ఉండు, తర్వాత చూద్దాం."

"ఆ పని చేసింది నేను కదండీ. ఆ సంగతి చెప్పుకోవడానికి అందులో ఎక్కడా లేదా?"

"చెప్పుకుంటే అందరం జైల్లో చెప్పుకోవాలి. నన్నిక్కడికి తెచ్చింది అన్నయ్యే, మరిచిపోయావా? అయినా వదినకి పిల్ల ఉంది. నీకేముంది?"

ఆమెకి రెండుసార్లు నిలిచిన కడుపు లాండ్రీ బరువుల దగ్గరే పోయిందని ఇద్దరికీ తెలుసు. తెలిసిన మనిషికి ఏం చెప్తాం? గ్లాసు తీసుకెళ్లి కడిగి బోర్లించింది.

ఇక మిగిలింది పెద్దకోడలి కాగితం మీద లాండ్రీ సూపర్‌వైజర్ సంతకం. "ఆడదానికి ఆడది కరుగుతుంది. కాళ్లు పట్టుకో," అని పంపాడు మొగుడు. తన మెడ మీదికి కత్తిని తానే సాన పట్టించుకుని రమ్మన్నట్టు.

సూపర్‌వైజర్ కూడా ఏదో దూరదేశం నుంచి వచ్చిన మనిషే. అరవైకి దగ్గర్లో ఉంటుంది, మోకాళ్లకి పట్టీలు. మధ్యాహ్నం మిషన్లు ఆగిన వేళ, తువ్వాళ్ల అరల మధ్య ఆమె చెప్పిందంతా వింది.

"కార్డు ఫొటోలో ఆవిడకి చెవి కింద పుట్టుమచ్చ ఉంది. నీకు లేదు. మొదటి వారమే చూశాను," అంది.

"మరి ఎందుకు అడగలేదు?"

"పని బాగా చేస్తున్నావు. అడిగితే నిన్ను పంపెయ్యాలి. నా స్వార్థం నాది." కళ్లజోడు పెట్టుకుని గోడకున్న నోటీసు పీకి తెచ్చింది. "ఇది సరే, ఏడో పేరా చూశాక కూడా ఇలా అడగడానికి వచ్చావా?"

"ఏడో పేరా ఏంటి?"

ఆవిడ వేలు పెట్టి, చిన్నపిల్లకి చెప్పినట్టు ఒక్కో మాటా చదివింది. ఇంకొకరి కార్డు మీద పని చేసినవాళ్లు గడువులోగా తామే వచ్చి చెప్పుకుంటే శిక్ష ఉండదు. చేసిన ఏళ్లు వాళ్లకే చెల్లుతాయి. కార్డు ఇచ్చినవాళ్లకి జైలు ఉండదు గానీ, ఆ కార్డు రద్దు.

"గడువు ఎప్పటిదాకా?"

"రేపు."

చిన్నకోడలు తువ్వాళ్ల గుట్ట మీద కూర్చుంది. ఆరేళ్లలో పనివేళ ఆమె కూర్చోవడం అదే మొదలు. చట్టం పొమ్మన్నందుకు ఆమెకి పెద్దగా కోపం రాలేదు, దానికి ఆమె ఎవరో తెలియదు. మంచినీళ్లు అడిగినవాడికి తెలుసు. నోరు ఎండిందని నిజంగా అనుకుని, ఫ్రిజ్‌లోవి చల్లగా ఉంటాయని కుండలోవి కలిపి మరీ తెచ్చింది. ఇప్పుడు తాను చెప్పుకుంటే పెద్దకోడలూ పిల్లా పోవాలి. చెప్పుకోకపోతే తాను పోవాలి. ఇద్దరాడవాళ్లలో ఒకతే మిగులుతుంది, మగవాళ్లిద్దరూ ఎలా చూసినా ఉంటారు. ఆ పిల్ల తనని పిన్నీ అని పిలవడం నేర్చాకే అమ్మా అనడం నేర్చింది. అడకత్తెరలో పోకచెక్కకి కనీసం రెండు వైపులా ఇనుమే. ఇక్కడ ఒకవైపు పిల్ల మెడ.

"ఏది చెప్తే దాని మీద సంతకం పెడతా," అంది సూపర్‌వైజర్. "తెలిసి ఊరుకున్నానని నన్నూ తీసేస్తారేమో. అది నేను చూసుకుంటా."

మిషన్లు మళ్లీ మొదలయ్యే గంట మోగింది. అప్పుడు చిన్నకోడలు లేచి, ఏ కాగితమో చెప్పింది.

ఇంటికొచ్చేసరికి మగవాళ్లు పని నుంచి రాలేదు. పెద్దకోడలు కూతుర్ని ముందు కూర్చోబెట్టుకుని జడ వేస్తోంది.

"ఆవిడ ఒప్పుకుందా చెల్లీ?"

"అక్కా, ఏడో పేరా సంగతి నీకు తెలుసా?"

దువ్వెన ఆగింది. పిల్ల తల వెనక్కి తిప్పబోతే పెద్దకోడలు రెండు చేతులతో పట్టి ముందుకి తిప్పింది. "లోపలికి పోయి ఆడుకో," అని సగం జడతోనే పంపేసింది.

"తెలుసు. మీ బావ చెప్పాడు. నీ మొగుడూ ఉన్నాడు అప్పుడు." నేల వైపు చూస్తూ అంది. "నీకు చెప్తే మేం పోతామన్నారు. ఏం చెయ్యనే? పిల్లతో నేనెక్కడికి పోను? రోజూ చెప్దామనే అనుకున్నా, నా మీదొట్టు."

"అనుకునే ఉంటావు."

"నన్ను తిట్టవే. తిడితే నాకు బావుంటుంది."

"తిట్టడానికి ఓపిక లేదక్కా. నీ భయం నీది." ఆమె చెప్పులు విప్పకుండానే గుమ్మం పక్కన నిలబడింది. "పొద్దున్నే ఆఫీసుకి వెళ్లి చెప్పేస్తున్నాను. సూపర్‌వైజర్ సంతకం పెట్టేసింది."

పెద్దకోడలు ఏడవలేదు. గోడకి ఆనుకుని, లోపలి గదిలో తనలో తాను ఆ దేశపు భాషలో పాడుకుంటున్న పిల్ల గొంతు విన్నది. తర్వాత అడిగింది. "మరి నాకెందుకు చెప్తున్నావు? వాళ్లొచ్చాక నేను చెప్పేస్తే? నిన్ను గడప దాటనివ్వరు."

"చెప్పాలనుకుంటే చెప్పు. నీ బతుకు గురించి నీకు తెలియకుండా తేల్చడానికి నేనేమన్నా ఆ అన్నదమ్ముల తోబుట్టువునా?"